హబుల్ కొలిచిన దూరాలు

ఆకాశంలో తిరుగుతూ ఫోటోలు పంపే హబుల్ టెలిస్కోపు పేరు మన కాలేజీలో విననివారు ఉండరు. ఆ పేరుగల మనిషి ఎవరు, ఏం చేశాడు అంటే మాత్రం ఫిజిక్సు చదివే మనలోనే చాలామందిమి తడుముకుంటాం. విశ్వం వ్యాకోచిస్తున్నదని కనిపెట్టాడని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాం. ఆ ఒక్క ముక్కలో సగమే నిజం ఉంది. మిగతా సగం ఎక్కడుందో చెప్పాలంటే ఆయన జీవితమే చెప్పుకోవాలి.

ఎడ్విన్ పవెల్ హబుల్ 1889 నవంబరు 20న అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని మార్ష్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఇన్సూరెన్సు వ్యాపారంలో ఉండేవాడు. తరువాత కుటుంబం షికాగో దగ్గరి వీటన్‌కు మారింది. కుర్రవాడు ఆరడుగుల పైచిలుకు పొడగరి, మంచి ఆటగాడు. షికాగో విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ జట్టులో ఆడాడు. 1910లో సైన్సు డిగ్రీ పుచ్చుకున్నాడు. మనసంతా చుక్కల మీద ఉంది. తండ్రికేమో కొడుకు వకీలు కావాలని ఉంది. చుక్కలు చూసుకుంటూ కూర్చుంటే కూడు పెడుతుందా అన్నది ఏ దేశంలోనైనా తండ్రుల ప్రశ్నే కాబోలు! రోడ్స్ స్కాలర్‌షిప్పు మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి, తండ్రి మాట ప్రకారం న్యాయశాస్త్రం చదివాడు. 1913లో తండ్రి పోయాడు. ఆ ఏడే ఇంటికి తిరిగివచ్చి, ఇండియానా రాష్ట్రంలో న్యూ ఆల్బనీ హైస్కూల్లో ఒక ఏడాది ఫిజిక్సు, లెక్కలు, స్పానిష్ భాష చెప్పాడు, పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పాడు. పెద్దవాడైన తరువాత ఆ కాలంలో తాను వకీలుగా ప్రాక్టీసు చేశానని చెప్పుకునేవాడు. జీవిత చరిత్రకారులు వెతికితే అందుకు ఆధారమేమీ దొరకలేదు. బడిపంతులుగా పనిచేయడం ఆయనకెందుకు నామోషీ అనిపించిందో నాకు అర్థం కాదు. ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న యాస, నోట్లో పైపు మాత్రం చివరిదాకా వదల్లేదు.

1914లో మళ్ళీ చుక్కల దారి పట్టి, యెర్కీస్ వేధశాలలో పరిశోధక విద్యార్థిగా చేరాడు. అదే సంవత్సరం ఆగస్టులో ఎవాన్‌స్టన్‌లో అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుల సభ జరిగింది. కొత్త సభ్యుడుగా హబుల్ ఆ సభలో ఉన్నాడు. ఆనాడు వేదిక ఎక్కినవాడు వెస్టో స్లైఫర్. ఇండియానాలో వ్యవసాయదారుల ఇంట పుట్టి, పొలంలో పెరిగినవాడు. అరిజోనాలోని లోవెల్ వేధశాలలో పని. నీహారికలంటే అప్పటికి ఆకాశంలో కనిపించే మసక మచ్చలు, వాటిలో కొన్ని సుడి తిరిగి ఉంటాయి. అలాంటి నీహారికల వెలుగును పట్టకంతో విడదీసి, అందులోని గీతలు ఎంత జరిగాయో స్లైఫర్ కొలిచాడు. మనవైపు వచ్చే వస్తువు వెలుగులో గీతలు నీలం వైపు జరుగుతాయి, దూరంగా పోయేదాని గీతలు ఎరుపు వైపు జరుగుతాయి. జరిగిన మేరను బట్టి వేగం లెక్కకట్టవచ్చు. పదిహేను నీహారికలు కొలిస్తే చాలావరకు మననుంచి దూరంగా, సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో పోతున్నాయని తేలింది. సభ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. 1917 నాటికి ఆయన పట్టికలో 25 నీహారికలు చేరాయి. వాటిలో 21 దూరంగా పోయేవే.

అవి ఎందుకు పోతున్నాయి, అసలు ఎంత దూరంలో ఉన్నాయి అన్నది ఎవరికీ తెలియదు. ఇవి మన పాలపుంత లోపలి వాయు మేఘాలా, లేక పాలపుంతకు ఆవల ఉన్న వేరే పాలపుంతలా? 1920 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో షాప్లీ, కర్టిస్ అనే ఇద్దరు పెద్దలు ఇదే విషయం మీద వాదించుకున్నారు. తెగలేదు. కొలత లేకుండా వాదిస్తే ఏం తెగుతుంది? గట్టు తగాదా అయినా గొలుసు పట్టుకొచ్చి పొలం కొలిచిన తరువాతే తెగుతుంది.

ఆ గొలుసును తయారుచేసి పెట్టినది హార్వర్డ్ వేధశాలలో ఫోటో ప్లేట్లు పరిశీలించే ఉద్యోగిని హెన్రియెట్టా లెవిట్. సెఫీడ్లు అనే చర నక్షత్రాలు క్రమం తప్పకుండా వెలుగు పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటాయి. నిజంగా ఎంత ప్రకాశవంతమైనదైతే అంత నెమ్మదిగా మిణుకుతుంది. ఈ సంబంధాన్ని ఆమె 1912లో 25 నక్షత్రాలతో స్థాపించింది. మిణుకు కాలం తెలిస్తే అసలు ప్రకాశం తెలుస్తుంది. కంటికి కనిపించే ప్రకాశంతో పోలిస్తే దూరం తెలుస్తుంది. ఆమె 1921లో కాన్సరుతో చనిపోయింది. తన గొలుసుతో ఏమేం కొలిచారో చూడలేదు.

హబుల్ 1917లో డాక్టరేటు పూర్తిచేసి సైన్యంలో చేరాడు. మేజరు హోదాతో తిరిగివచ్చి, 1919లో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో ఉద్యోగంలో చేరాడు. నూరంగుళాల అద్దం గల, అప్పటికి లోకంలోకెల్లా పెద్దదైన దూరదర్శిని అక్కడ ఉంది. 1923 అక్టోబరు మొదటి వారంలో ఒక రాత్రి ఆండ్రోమెడా నీహారికను ఫోటో తీశాడు. ప్లేటు మీద కొత్తగా కనిపించిన చుక్కల్ని నోవాలనుకొని గుర్తులు పెట్టాడు. పాత ప్లేట్లతో పోల్చి చూస్తే అందులో ఒకటి నోవా కాదు, పెరుగుతూ తరుగుతూ ఉన్న సెఫీడు. పెట్టిన గుర్తును కొట్టేసి, చర నక్షత్రం అని ఆ గాజు ప్లేటు మీదనే రాశాడు. దాని మిణుకు కాలం 31 రోజుల పైచిలుకు. లెవిట్ సంబంధంతో లెక్క వేస్తే దూరం దాదాపు 9 లక్షల కాంతి సంవత్సరాలు తేలింది. పాలపుంత ఎంత పెద్దదనుకున్నా అందులో ఇమిడే దూరం కాదు. 1925 జనవరి 1న వాషింగ్టన్ సభలో ఆ పత్రాన్ని వేరొకరు చదివి వినిపించారు. హబుల్ రాలేదు కూడా. ఆ రోజుతో మన పాలపుంత విశ్వమంతా కాదనీ, లెక్కలేనన్ని గెలాక్సీల్లో ఒకటనీ స్థిరపడింది. ఆయన చేసిన పనులన్నింటిలో నేను దీన్నే పెద్దదంటాను. ఇందులో ఎవరి వాటా ఎంత అనే తగువు లేదు. ప్లేటు ఆయనది, కన్ను ఆయనది.

తగువంతా తరువాతి పని దగ్గర వస్తుంది. 1929లో హబుల్ ఒక చిన్న పత్రం ప్రచురించాడు. అందులో 24 గెలాక్సీలకు ఒకపక్క దూరం, ఇంకోపక్క వేగం రాసి గ్రాఫు గీశాడు. ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా పోతున్నాయి. చుక్కల మధ్యనుంచి ఒక సరళరేఖ పోయింది. దూరాలు హబుల్‌వి. వేగాల్లో ఎక్కువ భాగం స్లైఫర్ ఏళ్ళ తరబడి కొలిచినవి. పత్రంలో స్లైఫర్ పేరు లేదు! అంతకు రెండేళ్ళ ముందే, 1927లో, బెల్జియం దేశపు లెమైత్రే అనే చర్చి గురువు ఐన్‌స్టీన్ సమీకరణాలనుంచి విశ్వం వ్యాకోచించాలని రాబట్టి, వ్యాకోచ రేటు కూడా లెక్కకట్టి, ఫ్రెంచిలో రాశాడు. అది ఎక్కువమంది చూడని పత్రికలో పడింది. 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం సభ్యులు ఓటు వేసి, ఈ సూత్రాన్ని హబుల్-లెమైత్రే సూత్రం అనాలని సిఫారసు చేశారు. స్లైఫర్ పేరు అందులోనూ చేరలేదు.

కౌలుదారు పండించిన ధాన్యం పట్టాదారు పేరున మార్కెట్ యార్డుకు పోవడం చూసి పెరిగినవాణ్ణి గనుక ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. కాని హబుల్‌ను గట్టు మీద కూర్చున్న పట్టాదారుగా చూడడమూ న్యాయం కాదు. రెండు వరుసల్లో కష్టమైనది దూరాల వరుస. అది ఆయన చలిలో రాత్రులు నిలబడి సంపాదించినది. స్లైఫర్‌కు రావలసిన మాట ఆలస్యంగానైనా ఆయన నుంచే వచ్చింది. తాను చనిపోయిన 1953లోనే స్లైఫర్‌కు ఉత్తరం రాస్తూ, ఆ సంబంధం స్లైఫర్ వేగాలూ తన దూరాలూ కలవడం వల్ల పుట్టినదని ఒప్పుకున్నాడు. ఇరవైనాలుగేళ్ళు పట్టింది.

ఇక మిల్టన్ హ్యూమాసన్ సంగతి. పద్నాలుగో ఏట చదువు మానేసి, మౌంట్ విల్సన్ కొండమీదికి కంచరగాడిదల మీద సామాన్లు తోలినవాడు. 1917లో వేధశాలలో ఊడ్చే పనికి కుదిరాడు, తరువాత రాత్రి సహాయకుడయ్యాడు. చెయ్యి ఎంత నేర్పుగలదో చూసి అధికారులు ఆయన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారు. 1929 తరువాత దూరదూరపు గెలాక్సీల వేగాలు కొలిచింది ఆయనే. ఒక మసక గెలాక్సీ వర్ణపటం కోసం ఒకే ప్లేటును రాత్రి తరువాత రాత్రి తెరుస్తూ మూస్తూ ముప్పై గంటలకు పైగా వెలుగు పట్టేవాడు. ఆ గంటలన్నీ కంటితో నక్షత్రాన్ని తప్పిపోకుండా చూస్తూ ఉండాలి. 1931లో హబుల్, హ్యూమాసన్ ఇద్దరి పేర్లతో వచ్చిన పత్రంతో ఆ సరళరేఖ ఎన్నో రెట్లు దూరం సాగింది. డిగ్రీ లేని ఈ మనిషికి 1950లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఐన్‌స్టీన్ 1931లో మౌంట్ విల్సన్ వచ్చి వీళ్ళను కలిశాడు. విశ్వం కదలకుండా ఉంటుందనే నమ్మకంతో ఆయన 1917లో తన సమీకరణంలో ఒక స్థిరాంకాన్ని అదనంగా చేర్చుకున్నాడు. గెలాక్సీలు పోతున్నాయని తేలాక దాన్ని అవసరం లేదని తీసివేశాడు. కలుపని పీకి గట్టు మీద పడేసిన ఈ మొక్కను కాస్త గుర్తుంచుకోండి.

లోకమంతా వ్యాకోచం వ్యాకోచం అంటుంటే హబుల్ మాత్రం ఆ మాట గట్టిగా అనలేదు. అవి కేవలం కనిపించే వేగాలు అని రాసేవాడు. గీతలు ఎరుపు వైపు జరగడానికి ఇంకేదైనా కారణం ఉందేమోనన్న అనుమానం చివరిదాకా పెట్టుకున్నాడు. ఇది ఆయన పిరికితనమని కొందరంటారు. కొలిచినంత మేరకే మాట్లాడటం శాస్త్రజ్ఞుడి ధర్మమని నా అభిప్రాయం. పైగా ఆ అనుమానానికి గట్టి కారణమూ ఉంది. మెగాపార్సెక్ అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరం. ఒక్కో మెగాపార్సెక్‌కు వేగం సెకనుకు 500 కిలోమీటర్లు పెరుగుతుందని హబుల్ లెక్క. దాన్ని వెనక్కి తిప్పితే విశ్వం వయస్సు 200 కోట్ల సంవత్సరాలకు మించదు. భూమి మీద రాళ్ళకే అంతకన్నా ఎక్కువ వయస్సుందని అప్పటికే తేలుతోంది. తల్లికన్నా బిడ్డ పెద్దదెలా అవుతుంది?

లోపం గొలుసులో ఉంది. సెఫీడ్లలో రెండు రకాలున్నాయనీ, ఒక రకం కొలబద్దతో రెండోరకాన్ని కొలిచారనీ వాల్టర్ బాడే 1952లో ప్రకటించాడు. ఒక్క దెబ్బతో దూరాలన్నీ రెట్టింపయ్యాయి. గొలుసులో ఒక లింకు తప్పుంటే ఊరు ఊరంతా ప్రతి సర్వే నంబరూ తప్పే, కాని పొలాలు ఒకదానికొకటి ఉన్న నిష్పత్తి మారదు. అందుకే హబుల్ అంకె చెడింది గాని రేఖ చెడలేదు. ఆండ్రోమెడా దూరం ఇప్పుడు 25 లక్షల కాంతి సంవత్సరాలని లెక్క. హబుల్ 500 ఇవాళ 70 దగ్గర ఉంది.

మన పాఠ్యపుస్తకాల్లో రాని పని ఇంకొకటి ఉంది, నా దృష్టిలో ఇవాళ్టికి బాగా పనికొచ్చేది అదే. 1934లో హబుల్ 1283 ఫోటో ప్లేట్ల మీద సుమారు 44,000 గెలాక్సీలను లెక్కపెట్టిన ఫలితం ప్రచురించాడు. ఆకాశం ఏ మూలకు ఎన్ని, మసకబారిన కొద్దీ ఎన్ని పెరుగుతున్నాయి అని. ఊరికే లెక్కించడం వల్ల విశ్వం ఆకారం తెలుస్తుందని ఆయన ఆశ. అది ఫలించలేదు. ఉన్న పరికరాలకు అది మించిన పని. కాని గెలాక్సీలను ఒక్కొక్కటిగా అందం చూసి వదిలేయకుండా జనాభా లెక్కల మాదిరి ఎంచాలన్న పద్ధతి అక్కడ గట్టిపడింది. ఇలాంటి ఓపిక పని మన దగ్గరా జరిగింది. అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం హైదరాబాదు నిజామియా వేధశాల తన వంతుకు వచ్చిన ఆకాశపు పట్టీలను గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఫోటోలు తీసి, లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచింది. అవి చుక్కలు, ఇవి గెలాక్సీలు, అంతే తేడా.

రెండో ప్రపంచ యుద్ధంలో హబుల్ సైన్యం కోసం ఫిరంగిగుండ్ల గమనాలు లెక్కకట్టే పని చేశాడు. యుద్ధం తరువాత పాలోమార్ కొండ మీద 200 అంగుళాల దూరదర్శిని సిద్ధమైంది. 1949 జనవరిలో దానితో మొదటి ఫోటో తీసే గౌరవం ఆయనకు దక్కింది. జూలైలో గుండెపోటు వచ్చింది. ఆపైన నాలుగేళ్ళు జాగ్రత్తగా పనిచేసుకుంటూ, 1953 సెప్టెంబరు 28న చనిపోయాడు. నోబెల్ బహుమానం రాలేదు. భార్య గ్రేస్ అంత్యక్రియల సభ పెట్టలేదు. ఎక్కడ ఖననం చేశారో ఎవరికీ చెప్పలేదు.

ఆయన ఆ రెండు వరుసలు, దూరం ఒకటి, వేగం ఒకటి, తరువాతివాళ్ళు రాస్తూనే పోయారు. వ్యాకోచం జరుగుతున్నా గెలాక్సీల పరస్పర ఆకర్షణ వల్ల అది క్రమంగా నెమ్మదించాలని అందరూ అనుకున్నారు. పైకి విసిరిన రాయి నెమ్మదించినట్టు. ఎంత నెమ్మదిస్తోందో కొలుద్దామని రెండు బృందాలు బయలుదేరాయి. అన్నీ దాదాపు ఒకే ప్రకాశంతో పేలే ఒక జాతి సూపర్‌నోవాలను కొలబద్దగా పెట్టుకున్నాయి. 1998లో రెండూ ఒకే జవాబు తెచ్చాయి. దూరపు సూపర్‌నోవాలు ఉండవలసినదానికన్నా మసకగా, అంటే మరింత దూరంగా ఉన్నాయి. వ్యాకోచం నెమ్మదించడం లేదు సరికదా, వేగం పుంజుకుంటోంది! విసిరిన రాయి వేగం పెంచుకుంటూ పైకి పోతున్నట్టన్నమాట. దీనికి కారణమైనదానికి కృష్ణశక్తి అని పేరు పెట్టారు. లెక్క ప్రకారం విశ్వంలో రమారమి నూటికి 70 వంతులు అదే. మనమూ చుక్కలూ కలిపి నూటికి 5 వంతులు. ఐన్‌స్టీన్ గట్టు మీద పడేసిన మొక్కను తెచ్చి మళ్ళీ నాటవలసి వచ్చింది. పెర్ల్‌మటర్, ష్మిట్, రీస్ అనే ముగ్గురికి 2011లో నోబెల్ ఇచ్చారు.

సూపర్‌నోవాలు ఒక్కటే సాక్ష్యమైతే అనుమానం ఉండేది. రెండో సాక్ష్యం గెలాక్సీల జనాభా లెక్కలే ఇచ్చాయి. విశ్వం పుట్టిన కొత్తలో సలసల కాగే పదార్థంలో, చెరువులో రాయి వేస్తే అలలు లేచినట్టు, ధ్వని తరంగాలు పాకాయి. విశ్వం వయస్సు సుమారు 3 లక్షల 80 వేల సంవత్సరాలప్పుడు పదార్థం చల్లబడి అవి ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఆ వలయాల మేర వ్యాకోచంతోపాటు సాగి ఇవాళ సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాలు అయింది. అంత ఎడంలో గెలాక్సీ జంటలు మామూలుకన్నా కాస్త ఎక్కువగా దొరుకుతాయి. పది గెలాక్సీలు చూస్తే ఇది తెలియదు, వేలూ లక్షలూ కొలవాలి. 2005లో రెండు సర్వేల్లో ఈ జాడ కనిపించింది. న్యూమెక్సికో కొండమీద జరిగిన స్లోన్ సర్వే వాటిలో ఒకటి. ఆ సర్వేలో అల్యూమినియం పళ్ళేలకు వందల రంధ్రాలు పెట్టి, పగలంతా మనుషులు చేతులతో ఒక్కో రంధ్రంలో గాజుతీగ గుచ్చితే, రాత్రి ఒక్కో తీగ ఒక్కో గెలాక్సీ వెలుగును పట్టుకునేది. నారు గుచ్చడం కన్నా తక్కువ పనేమీ కాదు.

ఈ ఎడంతో దూరం ఎలా కొలుస్తారంటే, మెట్ట చేలో గొర్రుతో వేరుసెనగ విత్తారనుకోండి. గొర్రు మారలేదు గనుక సాళ్ళ మధ్య ఎడం చేనంతా ఒకటే. గట్టు మీద నిలబడి చూస్తే దగ్గరి సాళ్ళు వెడంగా, ఆవలి కొస సాళ్ళు ఇరుకుగా కనిపిస్తాయి. ఇరుకును బట్టి చేను ఎంత పొడుగో చెప్పవచ్చు. విశ్వంలో దూరంగా చూడటమంటే గతంలోకి చూడటం. కాబట్టి ఏ కాలంలో వ్యాకోచం ఎంత జోరుగా ఉందో ఆ ఎడం చెబుతుంది.

ఇప్పుడు ఈ పని అరిజోనాలోని కిట్ పీక్ మీద 4 మీటర్ల దూరదర్శినితో డెసి అనే సర్వే చేస్తోంది. స్లైఫర్ పనిచేసిన రాష్ట్రమే. సర్వే 2021లో మొదలైంది. గాజుతీగలు గుచ్చడానికి మనుషుల బదులు 5000 చిన్న యంత్రాలున్నాయి. 2025 మార్చిలో మూడేళ్ళ ఫలితం ప్రకటించారు. దాదాపు కోటిన్నర గెలాక్సీలు, క్వేజార్లు కొలిచారు. విశ్వం తొలినాటి వెలుగుతోనూ సూపర్‌నోవాలతోనూ ఈ కొలతల్ని కలిపితే, కృష్ణశక్తి స్థిరాంకం కాకపోవచ్చుననీ, కాలం గడిచేకొద్దీ బలహీనపడుతున్నదేమోననీ సూచన కనిపించింది. ఐన్‌స్టీన్ మొక్క ఎప్పుడూ ఒకే ఎత్తున ఉండాలి, ఇదేమో వాడుతున్నట్టుంది. అయితే కనిపెట్టామని చెప్పడానికి భౌతికశాస్త్రంలో పెట్టుకున్న గీటురాయిని ఈ సూచన ఇంకా దాటలేదు. డెసి బృందంవారు కూడా అంతకుమించి అనలేదు. హబుల్ అంకె దగ్గరా తగువు తీరలేదు. తొలినాటి వెలుగు నుంచి లెక్కిస్తే 67, దగ్గరి సెఫీడ్లు, సూపర్‌నోవాలతో కొలిస్తే 73. గొలుసులో తప్పా, సిద్ధాంతంలో తప్పా అన్నది తేలలేదు.

ఒక గెలాక్సీకి హ్యూమాసన్ ముప్పై గంటలు కాపలా కాశాడు. కిట్ పీక్ మీద ఒక చోట పావుగంట, ఇరవై నిమిషాలు వెలుగు పట్టి, ఐదువేల యంత్రాలు మళ్ళీ తల తిప్పి, ఇంకో చోటికి పోతాయి. ప్రతి ఒక్కదానికీ పట్టికలో రాసుకునేది మాత్రం గీతలు ఎరుపు వైపు ఎంత జరిగాయన్నదే.